ట్యూన్ తీసేశాక మిగిలింది

1945 నవంబర్ 26. న్యూయార్క్‌లో ఒక స్టూడియో. సవాయ్ అనే చిన్న రికార్డు కంపెనీ కోసం పాతికేళ్ల జాజ్ వాద్యకారుడు చార్లీ పార్కర్ ఆల్టో శాక్సఫోన్ పట్టుకుని నిలబడ్డాడు. పక్కన ట్రంపెట్‌తో డిజ్జీ గిలెస్పీ, డ్రమ్స్ దగ్గర మాక్స్ రోచ్, బేస్ దగ్గర కర్లీ రస్సెల్. పరుగులాంటి ఒక ఎత్తుగడ వాయించి, అది అవగానే అప్పటికి అందరి నోళ్లలో నానుతున్న ‘చెరోకీ’ అనే పాట ట్యూన్ అందుకున్నారు. ఇలా అందుకున్నారో లేదో ఎవరో ఈల వేశారు, చప్పట్లు కొట్టారు. ఆపేశారు. ఆ తెగిపోయిన ముక్క ఈలతో సహా ఇప్పటికీ దొరుకుతుంది.

మళ్లీ మొదలుపెట్టారు. ఎత్తుగడ అదే. కానీ ఈసారి ‘చెరోకీ’ ట్యూన్ లేదు. ఎత్తుగడ అయిపోగానే నేరుగా పార్కర్ సోలోలోకి, అంటే అప్పటికప్పుడు అల్లుతూ ఒక్కడే వాయించే భాగంలోకి, దూకేశాడు. అదే ‘కోకో’ అన్న పేరుతో బయటికొచ్చింది. నిడివి 3 నిమిషాలకు కాస్త తక్కువ. (ఇదే పేరుతో డ్యూక్ ఎల్లింగ్టన్‌కు 1940 నాటి రికార్డు ఒకటుంది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. వెతికేవాళ్లు పొరబడుతుంటారు.)

నేను ‘కోకో’ మొదటిసారి విన్నప్పుడు నాకు ఆనందం కంటే టెన్షన్ ఎక్కువ కలిగింది. ఎవరో తరుముతున్నట్టు వాయిస్తున్నాడేంటి ఈయన, ఇందులో పాట ఎక్కడుంది అనిపించింది. చాలా రోజుల తర్వాత తెలిసిందేమిటంటే, పాట ఉంది. ట్యూన్ ఒక్కటే లేదు. ఈ రెండింటికీ తేడా ఏమిటో పట్టుకుంటే పార్కర్ సంగీతమూ, ఆయన చేతికి రావలసిన డబ్బు రాకపోవడమూ, ఆయన గురించి చెప్పుకునే సగం కట్టుకథలూ ఒక్కొక్కటిగా విడివడతాయి.

మన దగ్గర వరుస ఉంచి మాటలు మార్చడం మామూలు. సినిమా పాట వరుసలో భజన కడతారు, ఎన్నికలొస్తే అదే వరుసలో పార్టీ పాట కడతారు. విన్నవాడికి ఇది ఫలానా పాట వరుస కదా అని ఇట్టే తెలిసిపోతుంది. జాజ్‌లో జరిగేది దీనికి తిరగేసిన పని. వాళ్లు వరుసనే పారేస్తారు. కింద ఉన్న కార్డ్స్ క్రమాన్ని మాత్రం అట్టే పెట్టుకుంటారు.

కార్డ్స్ అంటే ఏమిటో హార్మోనియం ముందు కూర్చుంటే తేలిగ్గా తెలుస్తుంది. స, గ, ప మూడు మెట్లూ ఒకేసారి నొక్కితే అది ఒక కార్డ్. ఇంకో మూడు మెట్లు నొక్కితే ఇంకో కార్డ్. అమెరికన్ పాపులర్ పాటలో ట్యూన్ పైన నడుస్తుంటే కింద ఈ కార్డ్స్ ఒక నిర్ణీత క్రమంలో మారుతుంటాయి. చివరికొచ్చాక మళ్లీ మొదటికి వెళ్తాయి. ‘చెరోకీ’ అయితే 64 బార్లకు ఒక చుట్టు పూర్తవుతుంది. బార్ అంటే ఇక్కడ నాలుగు దెబ్బల కొలత. జాజ్ వాళ్లు ఆ పూర్తి చుట్టును కోరస్ అంటారు. కర్ణాటక సంగీతంలో తాళం తిరుగుతుంది, రాగం నిలిచి ఉంటుంది. ఇక్కడ తాళంతోపాటు కాళ్ల కింద నేల కూడా కదులుతూ ఉంటుంది. సోలో వాయించేవాడు ఏ క్షణంలో ఏ కార్డ్ మీద ఉన్నాడో తెలుసుకుని, దానికి పొసగే స్వరాలు అప్పటికప్పుడు అల్లుకోవాలి.

పద్యం రాసేవాళ్లకు ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. సీసపద్యం గణాలు ఎవరి సొత్తూ కావు. ఆ గణాల్లో ఎవరికి తోచిన పద్యం వాళ్లు రాసుకోవచ్చు. జాజ్ వాళ్లకు పాత పాటల కార్డ్స్ అలాంటి ఛందస్సే. ‘హౌ హై ద మూన్’ అనే పాట కార్డ్స్ మీద కొత్త ట్యూన్ కడితే ‘ఆర్నిథాలజీ’ అయింది. ‘ఐ గాట్ రిథమ్’ కార్డ్స్ మీదైతే పుట్టిన కొత్త ట్యూన్లకు లెక్కే లేదు. చట్టం కూడా దీన్ని ఒప్పుకుంది. ట్యూన్‌కూ మాటలకూ హక్కుదారు ఉంటాడు, కార్డ్స్ క్రమానికి సాధారణంగా ఉండడు. ఆ రోజు స్టూడియోలో ఈల ఎందుకు వేశారో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ‘చెరోకీ’ 1938లో రే నోబుల్ అనే ఇంగ్లండ్ సంగీతకారుడు కట్టిన పాట. ఆ ట్యూన్ రికార్డులో వినిపిస్తే ఆయనకు రాయల్టీ కట్టాలి. వినిపించకపోతే కట్టనక్కర్లేదు. ఈల వెనక కథ ఇదేనని జాజ్ చరిత్ర రాసినవాళ్లలో చాలామంది చెప్తారు.

పిసినారితనంతో ట్యూన్ తీసేయమంటే, తీసేశాక మిగిలిన దాంతో ఒక సంగీత యుగమే మొదలైంది.

అయితే ఆ సోలో ఆ ఒక్క రోజులో ఊడిపడింది కాదు. పార్కర్ 1920 ఆగస్టు 29న కాన్సస్ రాష్ట్రంలోని కాన్సస్ సిటీలో పుట్టాడు. పెరిగింది నది అవతల, మిస్సోరి వైపు ఉన్న అదే పేరు ఊళ్లో. 1930లలో ఆ ఊరు టామ్ పెండర్‌గాస్ట్ అనే రాజకీయ నాయకుడి గుప్పిట్లో ఉండేది. మద్యనిషేధం ఉన్న రోజుల్లోనే తాగుడు, జూదం అక్కడ బాహాటంగా సాగేవి. క్లబ్బులు తెల్లవార్లూ తెరిచి ఉండేవి. క్లబ్బులుంటే సంగీతకారులకు పని ఉంటుంది, పని అయ్యాక తమలో తాము పోటీలు పడి వాయించుకునే జామ్ సెషన్లూ ఉంటాయి. తల్లి యాడీ కొనిచ్చిన ఆల్టో పట్టుకుని ఈ కుర్రాడు ఆ సెషన్లలో దూరేవాడు. 1936లో రీనో క్లబ్‌లో ఒక రాత్రి కార్డ్స్‌లో దారి తప్పాడు. కౌంట్ బేసీ బ్యాండు డ్రమ్మర్ జో జోన్స్ ఒక తాళం చిప్పను విప్పి ఆ పిల్లాడి కాళ్ల దగ్గర పడేశాడు. దిగిపో అని చెప్పడానికి అదొక పద్ధతి. అందరూ నవ్వారు. తర్వాత ఒక సినిమా ఈ తాళం చిప్పను ఏకంగా తలకు గురిపెట్టి విసిరినట్టు పెంచేసింది గానీ, పదహారేళ్లవాడికి ఆ నవ్వే చాలు.

మరుసటి వేసవిలో ఓజార్క్ కొండల్లోని ఒక రిసార్ట్‌లో వాయించే పనికి వెళ్లాడు. వెంట టెనర్ శాక్సఫోన్ వాద్యకారుడు లెస్టర్ యంగ్ రికార్డులు తీసుకెళ్లి, ఆయన సోలోలు నోటికొచ్చేదాకా సాధన చేశాడు. తిరిగొచ్చాక ఊళ్లోవాళ్లు గుర్తుపట్టలేనంత మారిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత, 1954లో, ఇంకో ఆల్టో శాక్సఫోన్ వాద్యకారుడు పాల్ డెస్మండ్ రేడియోలో ఈ సాధన గురించి అడిగాడు. మూడు నాలుగేళ్లపాటు రోజుకు కనీసం 11 నుంచి 15 గంటలు వాయించేవాణ్ణని, ఆ గోల భరించలేక చుట్టుపక్కలవాళ్లు ఇల్లు ఖాళీ చేయమని అమ్మను బెదిరించారని పార్కర్ చెప్పాడు. పార్కర్‌ను దైవదత్తమైన మేధావి అని పొగిడేవాళ్లకు నేను ముందు ఈ ఇంటర్వ్యూ వినమని చెప్తాను.

1939లో న్యూయార్క్ వచ్చాడు. కొన్నాళ్లు హార్లెమ్‌లో ఒక చికెన్ హోటల్‌లో గిన్నెలు కడిగాడు. అక్కడ పియానో వాయించేది జాజ్ పియానోలో మహామహుడైన ఆర్ట్ టేటమ్. కడుగుతున్న గిన్నెల మీద ఈయన దృష్టి ఎంత ఉండేదో మనం ఊహించుకోవచ్చు. ఆ ఏడాది చివర్లో బిడ్డీ ఫ్లీట్ అనే గిటార్ వాద్యకారుడితో కలిసి ఒక చిల్లీ హోటల్‌లో ‘చెరోకీ’ వాయిస్తుండగా తన చెవిలో చాలాకాలంగా మోగుతున్నదేదో చేతికందిందని పార్కర్ తర్వాత చెప్పుకున్నాడు.

ఆ అందిందేమిటి? మళ్లీ హార్మోనియం దగ్గరికి వెళ్దాం. స, గ, ప నొక్కాం. ఒక స్వరం వదిలి ఒక స్వరం ఎక్కుతున్నాం కదా, అలాగే ఇంకా పైకి పోతే ని వస్తుంది. అక్కడితో ఆగకుండా పోతే పై స్థాయిలో రి, మ, ద వస్తాయి. అప్పటిదాకా చాలామంది వాద్యకారులు కింది మెట్లైన స, గ, ప చుట్టూనే తమ సోలోలు అల్లేవాళ్లు, పై స్వరాలను తళుకు కోసం తాకేవాళ్లు. పార్కర్ ఆ పై మెట్ల మీదే కాపురం పెట్టాడు. కింద కార్డ్ ఒకటి మోగుతుంటే పైన ఆయన వాయించేది ఇంకో కార్డ్‌లాగా వినిపిస్తుంది. అయినా రెండూ పొసుగుతాయి. రెండో సంగతి, ఆయన ఒక స్వరం మీదికి నేరుగా దిగడు. దానికి పైనా కిందా ఉన్న పక్క మెట్లను, నల్లవైనా తెల్లవైనా సరే, తాకి సరిగ్గా దెబ్బ పడే వేళకు అసలు స్వరం మీద వాలతాడు. అందుకే వేగంగా వింటే గజిబిజి అనిపిస్తుంది, నెమ్మదిగా వింటే ప్రతి వంపూ ఇంటికే చేరుతుంది. మూడోది, దెబ్బల బరువు. వాక్యం మొదలవ్వాల్సిన చోట మొదలవదు, ఆగుతుందనుకున్న చోట ఆగదు. బార్ గీతల మీదుగా దాటిపోయి ఎక్కడో మధ్యలో ముగుస్తుంది. దీనికి బీబాప్ అని పేరు పడింది. పార్కర్‌కు ఆ పేరంటే పెద్దగా మోజు లేదు.

ఈ కొత్త తరహా అంతా హార్లెమ్‌లోని మింటన్స్ ప్లేహౌస్, మన్రోస్ అప్‌టౌన్ హౌస్ లాంటి చోట్ల అర్ధరాత్రి సెషన్లలో రూపు దిద్దుకుంది. సరిగ్గా అదే సమయంలో, 1942 ఆగస్టు నుంచి, సంగీతకారుల యూనియన్ రికార్డింగులు బంద్ పెట్టింది. పెద్ద కంపెనీలతో గొడవ తేలేసరికి 1944 నవంబర్ వచ్చింది. అంటే బీబాప్ పుట్టి, పాకి, నడిచిన రోజులకు రికార్డులు దాదాపుగా లేవు. ఊళ్లలో ఉన్న శ్రోతలకు అది ఒక్కసారిగా ‘కోకో’ రూపంలో పరిగెడుతూ వచ్చి మీద పడింది. దాన్ని విని కొందరు బెంబేలెత్తిపోయారంటే తప్పు వాళ్లది కాదు.

ఇప్పుడు ‘కోకో’ను మళ్లీ వినండి. వేగం నిమిషానికి ఇంచుమించు 300 దెబ్బలు. ఎత్తుగడ 32 బార్లు, సుమారు 25 సెకన్లు. ట్రంపెట్, ఆల్టో కలిసి కొంత, విడివిడిగా కొంత. అప్పటికి పార్కర్ గ్రూపులో ట్రంపెట్ మైల్స్ డేవిస్‌ది. వయసు 19. ఈ వేగం తన వల్ల కాదని అతనికే తెలుసు. అందుకే డిజ్జీ ట్రంపెట్ అందుకున్నాడు, పార్కర్ సోలో మొదలవగానే పియానో దగ్గరికి పోయి కార్డ్స్ కూడా ఆయనే వాయించాడు. ఆ తర్వాత 128 బార్లు, అంటే ‘చెరోకీ’ రెండు చుట్లు, పార్కర్ ఒక్కడే. దాదాపు 1 నిమిషం 40 సెకన్లు. ఇందులో అసలు కష్టం ‘చెరోకీ’ మధ్య భాగంలో ఉంది. అక్కడ నాలుగేసి బార్లకు ఒకసారి శ్రుతే మారిపోతుంది. ఈ వేగంలో నాలుగు బార్లంటే 3 సెకన్ల చిల్లర. శ్రుతి పెట్టెను ఎవరో 3 సెకన్లకోసారి మారుస్తుంటే ఆపకుండా స్వరకల్పన చేయడం ఎలా ఉంటుందో ఒకసారి ఊహించుకోండి. మామూలు వాద్యకారులు ఆ చోటు రాగానే గట్టెక్కితే చాలనుకునేవాళ్లు. పార్కర్ అక్కడే తీరిగ్గా ఉన్నట్టు వినిపిస్తాడు.

రెండో చుట్టు మొదట్లో ఒక చిన్న చమత్కారం ఉంది. ‘హై సొసైటీ’ అనే పాత న్యూ ఆర్లీన్స్ పాటలో క్లారినెట్ వాళ్లందరూ వాయించి తీరవలసిన ఒక ప్రసిద్ధమైన ముక్క ఉంటుంది. దాన్ని తెచ్చి ఇక్కడ అతికించాడు. కొత్త సంగీతం పాతదాన్ని తోసిపుచ్చిందని గోల చేసిన విమర్శకులకు ఇది వినిపించినట్టు లేదు.

దీంతో ఇంకో ప్రశ్న వస్తుంది. ఇదంతా నిజంగా అప్పటికప్పుడు పుట్టిందేనా? 1974లో థామస్ ఓవెన్స్ అనే పరిశోధకుడు పార్కర్ సోలోలు సుమారు 250 తీసుకుని స్వరాలు రాసి, పోల్చి చూశాడు. దాదాపు 100 ముక్కలు మళ్లీ మళ్లీ వస్తున్నాయని తేల్చాడు. ఒక్కో శ్రుతిలో కొన్ని ముక్కలు ఎక్కువ, ఒక్కో రకం పాటలో మరికొన్ని. ఇది విని కొందరు నిరాశపడ్డారు, అయితే ఇంతేనా అని. అవధానం చూసినవాళ్లు నిరాశపడరు. సమస్య ఇవ్వగానే పద్యం అల్లే అవధాని గాలిలోంచి మాటలు తీయడు. యతికి కుదిరే పదాలు, గణాల్లో ఇమిడే సమాసాలు ఏళ్ల తరబడి నోట్లో నానినవి ఉంటాయి. అవి ఉన్నాయని పద్యం పాతదైపోదు. ఏ ముక్క పక్కన ఏది, ఎంత ఆగి, ఎక్కడ విరిచి అన్నదే ఆశువు. పార్కర్ ఒకే పాటను ఒకే రోజు వరసగా రెండు మూడుసార్లు రికార్డు చేసిన టేకులు బోలెడు దొరుకుతాయి. పక్కపక్కన పెట్టి వింటే ముక్కలు అవే, కథ వేరు. 1947 అక్టోబర్‌లో వాయించిన ‘ఎంబ్రేసబుల్ యు’ రెండు టేకులు ఇందుకు నాకు తెలిసిన మంచి ఉదాహరణ. నెమ్మదైన పాట కాబట్టి కొత్తవాళ్లకూ చెవికి అందుతుంది. రెండింటిలోనూ అసలు ట్యూన్ దాదాపు కనిపించదు. ‘కోకో’తో మొదలుపెట్టి భయపడినవాళ్లు దీన్ని వినాలి. ఇది అయ్యాక 1948 నాటి ‘పార్కర్స్ మూడ్’. అందులో పార్కర్ నల్లజాతి అమెరికన్ల పాత పాటల బాణీ అయిన తన ఊరి బ్లూస్‌ను ఎక్కడా వదల్లేదని తెలుస్తుంది.

ఇక డబ్బు సంగతి. కార్డ్స్ మీద హక్కు లేని చట్టం పార్కర్‌కు ఒక చేత్తో ఇచ్చింది. పాతవాళ్లకు కప్పం కట్టకుండా తన పేరుతో కొత్త పాటలు రాసుకోగలిగాడు. కానీ ఆయన అసలు సొత్తు ఆ సోలోలు. వాటిని ఎవరైనా స్వరం స్వరం కాపీ కొట్టొచ్చు, కొట్టారు కూడా. ఒక తరం ఆల్టో వాద్యకారులంతా ఆయన ముక్కలతోనే బతికారు. పోనీ ట్యూన్లైనా కాపాడాయా అంటే అదీ లేదు. ‘కోకో’ సెషన్‌లోనే ‘నౌస్ ద టైమ్’ అనే చిన్న బ్లూస్ ట్యూన్ రికార్డు చేశాడు. 1949లో దాదాపు అదే ట్యూన్ ‘ద హకుల్‌బక్’ అన్న పేరుతో వచ్చి, డాన్సు పాటగా దేశాన్ని ఊపేసింది. దాని మీద రచయితగా పడిన పేరు వేరొకరిది. 1946లో లాస్ ఏంజిలిస్‌లో డయల్ అనే రికార్డు కంపెనీకి చేసిన ఒక ట్యూన్‌కు ‘మూస్ ద మూచ్’ అని పేరు పెట్టాడు. అది ఆయనకు హెరాయిన్ అమ్మేవాడి మారుపేరు. డయల్‌తో కుదిరిన రాయల్టీలో సగం ఆ మనిషికే రాసిచ్చేశాడు.

ఆ విషయానికి వచ్చాం కాబట్టి అదీ చెప్పేద్దాం. పదహారో ఏట కారు ప్రమాదంలో పక్కటెముకలు విరిగితే నొప్పికి ఇచ్చిన మార్ఫిన్‌తో ఈ అలవాటు మొదలైందంటారు. ఎలా మొదలైనా జీవితాంతం వదల్లేదు. 1946 జులై 29న ‘లవర్ మ్యాన్’ రికార్డు చేసేనాటికి లాస్ ఏంజిలిస్‌లో సరుకు దొరక్క మద్యంతో గడుపుతున్నాడు. పాట మొదలైన చోట అందుకోలేకపోయాడు, మైకు ముందు నిలబడలేకపోయాడు. ఆ రాత్రి హోటల్లో మంటలు, అరెస్టు, తర్వాత కామరిల్లో మానసిక ఆసుపత్రిలో ఆరు నెలలు. కంపెనీ ఆ రికార్డును విడుదల చేసినందుకు పార్కర్ మండిపడ్డాడు. జనం మాత్రం ఎంత ఆర్తి అని మెచ్చుకున్నారు. హెరాయిన్ తీసుకుంటే పార్కర్‌లా వాయించొచ్చని నమ్మి పాడైపోయిన కుర్రవాళ్లు చాలామంది. మత్తులో బాగా వాయిస్తానని చెప్పే సంగీతకారుడు పచ్చి అబద్ధాలకోరని 1949లోనే పార్కర్ పత్రికవాళ్లతో కుండబద్దలు కొట్టాడు. ఎవరూ వినిపించుకోలేదు. సాధన గంటల కథ కంటే సూది కథ అమ్ముడుపోతుంది మరి.

చివరి ఏళ్లను నేను త్వరగా దాటేస్తాను. 1949లో తంత్రీ వాద్యాలతో రికార్డులు చేశాడు. అమ్ముడుపోయాయి, పెద్దలు పెదవి విరిచారు, నాకు మాత్రం ‘జస్ట్ ఫ్రెండ్స్’ ఇష్టం. ఆ ఏడాది డిసెంబర్‌లో న్యూయార్క్‌లో ఆయన మారుపేరు ‘బర్డ్’ మీద బర్డ్‌ల్యాండ్ అనే క్లబ్ తెరిచారు. 1951లో క్లబ్బుల్లో పనిచేయడానికి కావలసిన అనుమతి పత్రం రద్దవడంతో సొంత పేరున్న చోటే వాయించలేని రోజులొచ్చాయి. 1953 మే 15న టొరంటోలోని మాసీ హాల్‌లో తెల్లటి ప్లాస్టిక్ శాక్సఫోన్‌తో వాయించాడు. వేరే కంపెనీతో ఒప్పందం ఉన్నందుకు ఆ రికార్డు అట్ట మీద పేరు ‘చార్లీ చాన్’ అని వేశారు. 1954లో రెండేళ్లు దాటిన కూతురు ప్రీ చనిపోయింది. 1955 మార్చి 12న న్యూయార్క్‌లో ఒక స్నేహితురాలి హోటల్ గదిలో టీవీ చూస్తూ పోయాడు. శవాన్ని చూసిన డాక్టరు వయసు యాభై పైనే అని అంచనా వేశాడు. అప్పటికి పార్కర్‌కు 34 ఏళ్లు.

మన వైపు ఆల్టో శాక్సఫోన్ అంటే గుర్తొచ్చే పేరు కద్రి గోపాల్‌నాథ్. మైసూరు ప్యాలెస్ బ్యాండులో ఈ వాద్యాన్ని చూసి మోజుపడి, గమకాలు పలికేలా దాన్ని ఏళ్ల తరబడి లొంగదీసుకున్నారు. 2008లో ఆయనా, పార్కర్‌ను గురువుగా భావించే అమెరికన్ ఆల్టో వాద్యకారుడు రుద్రేశ్ మహంతప్పా కలిసి ‘కిన్స్‌మెన్’ అనే ఆల్బమ్ చేశారు. అదే వాద్యం, రెండు వేర్వేరు లెక్కలు. గోపాల్‌నాథ్ వాయించిన త్యాగరాజ కృతి వింటుంటే తెలుగువాళ్ల చెవిలో ఒక్క మాట పలక్కుండానే సాహిత్యం మోగుతుంది. ‘చెరోకీ’ ఒంటబట్టిన అమెరికన్ శ్రోతకు ‘కోకో’లో ట్యూన్ అలాగే మోగి ఉంటుందని నా ఊహ.

దీనికి దగ్గరి అనుభవం నాకు డీన్ బెనెడెట్టి రికార్డుల్లో దొరికింది. ఇతనూ శాక్సఫోన్ వాయించేవాడే. పార్కర్ పిచ్చి. 1947 మార్చిలో లాస్ ఏంజిలిస్ క్లబ్‌లోనూ, మరుసటి ఏడాది న్యూయార్క్‌లోనూ యంత్రం మోసుకెళ్లి పార్కర్‌ను రికార్డు చేశాడు. డిస్కులు ఖరీదు, నిడివి తక్కువ. అందుకని పార్కర్ సోలో మొదలవగానే ఆన్ చేసి, అవగానే కట్టేసేవాడు. ట్యూన్ లేదు, పక్కవాళ్ల సోలోలు చాలావరకు లేవు. నలభై ఏళ్లకు పైగా కనబడకుండా ఉన్న ఆ సరుకు 1990లో మొజాయిక్ కంపెనీ ద్వారా 7 సీడీలుగా వచ్చింది. వినడానికి అంత సుఖంగా ఉండదు. గరగర, మధ్యలో తెగిపోవడం, మళ్లీ ఇంకేదో మధ్యలోంచి మొదలవడం. ఒక ముక్క పెట్టి, పేరు చూడకుండా విన్నాను. పియానో ఎక్కడో దూరంగా ఉంది, సరిగా వినబడదు. శాక్సఫోన్ ఒక్కటే. ఎనిమిది బార్లు గడిచేసరికి నా నోరు దానంతటదే ఒక ట్యూన్ కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. అట్ట తిప్పి చూస్తే అదే పాట.